గోడకి తగిలించడానికి కాదు

"ఏట్రా, గోడకి తగిలించడానికేటి?"

కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడగానే మా నాన్న అడిగిన మాట ఇది. నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డెబ్భై ఆరేళ్ల మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కండువా సర్దుకోమని చెప్పి, ఒక్కడికే ఫొటో తీస్తానంటే మన ఇళ్లలో ఇంకేం తోస్తుంది? పెద్దవాళ్లకి విడిగా ఒక ఫొటో తీస్తున్నామంటే అదెందుకో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరంతే.

"కాదు నాన్నా, నేర్చుకుంటున్నాను. ప్రాక్టీసు" అన్నాను.

అది సగం నిజం. మిగతా సగం మా హాల్లో గోడ మీదే ఉంది.

అమ్మ 2011లో పోయింది. పదకొండో రోజుకి ఫొటో కావాలంటే ఇల్లంతా వెతికాం. అమ్మ ఒక్కతే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. చివరికి 1996లో ఓ బంధువుల పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటో దొరికింది. రెండో వరసలో, పిన్నికీ అత్తకీ మధ్య ఉంది అమ్మ. స్టూడియో అతను అందులోంచి అమ్మని విడదీసి, పెద్దది చేసి, పక్కనున్న భుజాన్ని చెరిపేసి, చీరకి రంగు దిద్ది ఇచ్చాడు. పాపం, ఉన్నదాంతో అతను చేయగలిగింది చేశాడు. ఎదురుగా పడిన ఫ్లాషుకి ముఖం తెల్లగా, చదునుగా అయిపోయింది. రెప్పలు సగం వాలిపోయాయి. అది అమ్మే. కానీ అమ్మ అలా ఉండేది కాదు. ఆ తర్వాత పుట్టిన మా చిన్నది ఓ రోజు ఆ ఫొటో చూసి, "నాయనమ్మ ఎప్పుడూ నిద్రపోతూ ఉండేదా?" అని అడిగింది.

మిగిలిన ఆల్బముల్లో ఎక్కడైనా ఇంకో మంచి ఫొటో ఉంటుందేమో అనుకునేవాణ్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడ్డ రోజు మా కిటికీ రెక్క ఊడిపోయింది. వాన నీళ్లు సరాసరి బీరువా మీది పెట్టెలోకి. ఒకదానికొకటి అంటుకుపోయిన ఫొటోలను విడదీస్తుంటే ముఖాల రంగు నా వేళ్లకి వచ్చేసింది.

నాన్న ఫొటో అయినా ఒక్కటి సరిగ్గా ఉండాలని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నది మొదలుపెట్టడానికి మాత్రం ఏళ్లు పట్టింది. కిందటేడు ఒక పాత కెమెరా సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇంట్లో ఉన్న టేబుల్ లైటు, టీవీ పెట్టెలో వచ్చిన థర్మకోల్ అట్ట, కిటికీ... ఇదీ మన స్టూడియో.

ఆయన్ని గంటల తరబడి కూర్చోమంటే కూర్చోడు కదా. అందుకని సింహాచలం వెళ్లడానికి తెచ్చిన కొబ్బరికాయని స్టూలు మీద పెట్టి మొదలెట్టాను. "బాగుంది. కదలదు, విసుక్కోదు. కళ్లు కూడా మూడున్నాయి" అంది మా ఆవిడ.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ వెలుతురు గురించి నాకు మొదటి పాఠం చెప్పింది ఆ కాయే. లైటు ఎదురుగా పెడితే కాయ కాస్తా బిళ్లలా కనిపించింది. అమ్మ ఫొటోలో జరిగింది ఇదే! లైటుని కాస్త పక్కకి, కాస్త పైకి జరిపేసరికి గుండ్రదనం వచ్చింది, పీచు పీచుగా లెక్కపెట్టొచ్చు. కిందనుంచి వేస్తే దెయ్యాల సినిమా. ముఖానికి రూపం వెలుగు వల్ల రాదు, వెలుగూ నీడా కలిసే చోట వస్తుంది.

రెండో పాఠం దూరం. లైటుని రెండింతలు దూరం జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే ఖరీదైన లైటు లేకపోయినా ఉన్న చిన్న లైటునే దగ్గరికి తెచ్చుకుంటే పని జరుగుతుంది. మూడోది, ఉత్త బల్బు వెలుగు ముఖం మీద గీతలు గీసినట్టు పడుతుంది. మధ్యలో తెల్లటి గుడ్డ అడ్డం పెడితే నీడలు మెత్తబడతాయి. లేదా వెలుగుని దేనిమీదైనా కొట్టించి వెనక్కి తెచ్చుకోవచ్చు. 1956లో వచ్చిన సత్యజిత్ రే 'అపరాజితో' సినిమాలో ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా చేసింది అదే. కాశీ ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేస్తే, పైన తెల్లగుడ్డ పరిపించి, లైట్లన్నీ దానిమీదికి తిప్పించాడు. అక్కడినుంచి తిరిగొచ్చిన వెలుగు ఆకాశం వెలుగులాగే కనిపించింది. అంతటి వాళ్లకే గుడ్డ సరిపోయినప్పుడు మనకి నాన్న పంచె సరిపోదా!

కొబ్బరికాయ అయ్యాక నాన్న వంతు. మొదటి ఆదివారం ఆయన బిగుసుకుపోయి కూర్చున్నాడు. గడ్డం పైకి, భుజాలు వెనక్కి, చూపు నిటారుగా. స్టీల్ ప్లాంటు గేటు పాసు ఫొటోలో ఎలా ఉన్నాడో అచ్చం అలాగే. ఆయన జీవితంలో ఒంటరిగా దిగిన ఫొటోలన్నీ అలాంటివే మరి. ఏదో ఒక ఆఫీసు అడిగితే దిగినవి.

రెండో వారం ఇంకో తంటా. కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండోవైపు టేబుల్ లైటు వేశాను. ఫొటోలో ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. ఎన్నిసార్లు తీసినా అంతే. నేను తల పట్టుకుంటే నాన్న లేచొచ్చి కెమెరా వెనక బొమ్మ చూశాడు.

"ఒరే, రెండెలుగులూ కలిపేసినావు" అన్నాడు.

నాన్న పనిచేసింది బ్లాస్ట్ ఫర్నేసులో. 1990లో మొదటి ఫర్నేసు 'గోదావరి' వెలిగినప్పుడు అక్కడున్నాడు. నీలం అద్దంలోంచి కొలిమిలోకి చూస్తూ ఏళ్లు గడిపాడు. "ఇనుము మొదట ఎర్రగుంటాది. ఏడెక్కే కొద్దీ నారింజ, పసుపు, ఆ తరవాత తెలుపు. ఎలుగు రంగు చూస్తే ఏడి తెలుస్తాది. పదిహేను వందల డిగ్రీల్లో మా లోహం పారతంటే ఆ రంగు వేరు. మిట్టమజ్జాన్నం ఎండ రంగు వేరు" అన్నాడు. నేను లోపలికెళ్లి బల్బు వచ్చిన అట్టపెట్టె తెచ్చాను. దానిమీద 3000 కెల్విన్ అని ఉంది. పగటి వెలుగు సుమారు 5500. ఏ వేడికి కాలితే ఆ రంగు వెలుగొస్తుందో ఆ అంకె అది. ఎల్ఈడీ బల్బు నిజంగా అంత వేడెక్కదు, రంగు మాత్రం దానిదే. నేను రెండు వారాలు కుస్తీ పట్టిన సంగతి ఆయనకి ముప్పై ఏళ్ల కిందటే తెలుసు.

"అయితే ఏం చేద్దాం?"

"ఒకటార్పేయ్" అన్నాడు.

టేబుల్ లైటూ, ట్యూబులైటూ కూడా ఆర్పేశాను. కిటికీకి పంచె కట్టాను. రెండోవైపు నీడ మరీ నల్లబడకుండా థర్మకోల్ అట్ట పట్టుకోమని చిన్నదానికి ఇచ్చాను. దగ్గరికెళ్తే ముక్కు పెద్దదిగా వస్తుంది కాబట్టి ఆరడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేశాను. నాన్న ఇవేవీ పట్టించుకోలేదు. మనవరాలికి కొలిమి కబుర్లు చెబుతున్నాడు. లోహం వదిలినప్పుడు షెడ్డంతా ఎలా వెలిగిపోయేదో, రాత్రి షిఫ్టు నుంచి ఇంటికొచ్చాక కళ్లు మూసుకున్నా ఆ వెలుగే ఎలా కనబడేదో. మాట మధ్యలో ఒకసారి ఆగి కిటికీ వైపు చూశాడు. కళ్లలో రెండు తెల్లటి చుక్కలు మెరిశాయి. నొక్కాను.

ఫొటో బాగా వచ్చింది. గొప్పగా అని చెప్పను, ఒక చెవి కాస్త మసకబారింది. కానీ అది మా నాన్న. నుదుటి మీద పాత కాలిన మచ్చతో సహా మా నాన్న.

దానిని ఫ్రేము కట్టించలేదు. ఎప్పటికైనా ఏ గోడకి వెళ్తుందో తెలిసినా, ఇప్పుడైతే టీవీ పక్కన నిలబెట్టాం. ఆయన రోజూ దాని ముందే పేపరు చదువుతాడు. "ముసలోడు బాగానే ఉన్నాడు" అని దానికేసి చూసి అంటాడు. పెద్దవాళ్ల ఫొటో వాళ్లు చూసుకుని మురిసిపోవడానికి కూడా అని నాకు అప్పటిదాకా తట్టలేదు. అమ్మకి ఆ ముచ్చట తీర్చలేకపోయాను.

మీ ఇంట్లోనూ ఒక కిటికీ, ఒక తెల్లటి గుడ్డ ఉంటాయి. ఫోనులో కెమెరా కూడా ఉండే ఉంటుంది. కావాల్సింది ఒక ఆదివారం పొద్దున్న, అంతే. ఎందుకని అడిగితే ప్రాక్టీసు అని చెప్పండి. నమ్మరు గానీ కూర్చుంటారు.

కిందటి వారం నేను కెమెరా సర్దుతుంటే నాన్న ట్యూబులైటు తీసేసి, కుర్చీని కిటికీ పక్కకి లాగాడు. ఈసారి తను కూర్చోలేదు.

"నువ్వు కూకో. ఏది నొక్కాలో సెప్పు" అన్నాడు.