ఎక్కువొచ్చిన చిల్లర

ఉస్మానియా హాస్టళ్ల నుంచి తార్నాక దాకా రోజూ నడిచే బేరాలు ఎక్కువగా చిన్నవే: జిరాక్సు కాగితాలు, టీ, ఇడ్లీ, సబ్బు. ఇరవై తిరిగి రావాల్సిన చోట డెబ్బై చేతిలో పడిందనుకోండి. ఆ యాభై ఎవరిది? క్యాంపస్‌లోని లా కాలేజీ విద్యార్థిని అడిగినా చెబుతారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున అందిన సొమ్ము తిరిగిచ్చేయాల్సిందే. అవతలివాళ్లు అడిగితేనే ఇవ్వాలన్న షరతేమీ అందులో లేదు. టీ బండి దగ్గర ఈ మాట కాదనేవాళ్లు తక్కువ. షాపు పెద్దదైతేనే వాదన మొదలవుతుంది.

సూపర్ మార్కెట్‌కు యాభై ఒక లెక్కా, ఎన్నిసార్లు మన దగ్గర గుంజలేదు, చెల్లుకు చెల్లు అంటారు. గుంజినమాట నిజమే కావచ్చు, దానికి వినియోగదారుల కమిషన్ ఉంది. కానీ చెల్లు వేయాలంటే అప్పు, జమ ఒకే మనిషి ఖాతాలో ఉండాలి. రాత్రి గల్లా లెక్క తేలకపోతే ఆ నష్టం యజమాని దాకా వెళ్లకుండా కౌంటర్‌లో నిలబడ్డ అమ్మాయి మీదే పడొచ్చు. ఉద్యోగి అజాగ్రత్తతో పోయిన సొమ్మును జీతంలోంచి కోయడాన్ని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే అనుమతించింది. అందరూ జేబులో వేసుకునేవాళ్లేగా అన్న మాటకూ ఆధారం బలహీనం. 2019లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన పరిశోధనలో 40 దేశాల్లో 17 వేలకు పైగా పర్సులు దొరికాయంటూ అప్పగించి చూశారు. దాదాపు అన్ని చోట్లా ఖాళీ పర్సులకన్నా డబ్బున్నవాటి గురించే సొంతదారుకు ఎక్కువగా కబురందింది. అయితే పర్సులో పేరుంటుంది, గల్లాకు ఉండదు. చిక్కంతా అక్కడే. ఇల్లు చేరాక బయటపడ్డ ఐదు రూపాయల కోసం మళ్లీ బస్సెక్కమని మాత్రం నేననను. ఈసారి అటు వెళ్లినప్పుడు ఇస్తే చాలు.