ఈ బండి ఎవరి కోసం?



మన సంఘంలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడు కిందటేడు ఒక ఆదివారం రాత్రి నాకు వీడియో కాల్ చేశాడు. ఫోను అటు తిప్పి ఒక బండి లోపలంతా చూపించాడు. మంచం ఉంది, పొయ్యి ఉంది, సింకు ఉంది, ఒక మూల చిన్న బాత్రూము కూడా ఉంది. "దీన్ని మోటార్ హోమ్ అంటారు అయ్యగారూ. చక్రాల మీద ఇల్లు. సెలవులకు పిల్లలతో తిరగడానికి ఒకటి కొనాలనుకుంటున్నాను. కొత్తది కొనాలో, వాడినది కొనాలో తేలడం లేదు. ప్రార్థన చేయండి" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే సరిగ్గా అదే వారం మన సంఘ పెద్దలం కూడా అదే ప్రశ్న ముందు పెట్టుకుని కూర్చున్నాం. మన బండిలో పొయ్యి, బాత్రూము లేవు, అంతే తేడా.

సంగతి మీలో చాలామందికి తెలుసు. నెలకొకసారి మనం గోకవరం మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వెళ్లి, కొండ గ్రామాలలో నాలుగు రోజులు ఉండి వస్తాం. అక్కడ లాడ్జీలు ఉండవు. ఎవరో ఒకరి ఇంట్లో పడుకోవాలి. మేము ఐదుగురం ఒక కొండరెడ్ల ఇంటికి వెళ్తే ఆ రోజు వాళ్ల ఇంట ఒక కోడి పోతుంది. ఉన్న రెండు మంచాలూ మాకిచ్చి వాళ్లు నేల మీద పడుకుంటారు. వద్దన్నా వినరు. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని పౌలు రాత్రింబగళ్లు కష్టపడ్డాడని మొదటి థెస్సలొనీకయులకు రాసిన పత్రిక 2:9లో చదువుతాం. నేను ఆ వాక్యం మీద ప్రసంగం చేసి, ఆ రాత్రే వాళ్ల కోడికూర తిన్నాను. అందుకే రాత్రి మేము పడుకోవడానికి వీలుగా ఉండే వ్యాను ఒకటి కావాలని మూడేళ్లుగా ప్రార్థిస్తూ, కానుకలు పోగు చేస్తూ వచ్చాం. 4 లక్షలు కూడాయి.

ఆ తమ్ముడు మన మాట విని, "నేను 5 లక్షలు పంపుతాను అయ్యగారూ, కానీ కొత్త బండే కొనండి. దేవునికి పాతది ఇస్తామా?" అన్నాడు. నా మనసు గాలిలో తేలిపోయింది.

ఇక్కడ నేను మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పెద్దలతో చెప్పకుండా, మరుసటి మంగళవారం నేనొక్కడినే రాజమండ్రి వెళ్లి ఒక షోరూములో కొత్త వ్యాను చూశాను. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఆ కొత్త వాసన! పక్క మండలంలో మరో సేవకుని బండి మీద సంఘం పేరు, ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉండడం నేను చాలాసార్లు చూశాను. మన బండి మీద ఏ రంగులో రాయిస్తే బాగుంటుందో అక్కడే నిలబడి ఆలోచించాను. రోడ్డు మీదకు వచ్చేసరికి 17 లక్షలు అవుతుందన్నారు. మిగిలిన 8 లక్షలకు నా పేరు మీద అప్పు ఇప్పిస్తామన్నారు. పాప హాస్టల్ ఫీజు కోసం దాచిన డబ్బులోంచి 5,000 తీసి బుకింగ్ కట్టేశాను.

రెండు రోజుల తర్వాత బట్టలు ఉతకబోతూ అమ్మగారు నా చొక్కా జేబులో రసీదు చూసింది. కేకలు వేయలేదు. రసీదు తడవకుండా గూట్లో పెట్టి, "ఏమండీ, ఈ బండి ఎవరి కోసం?" అని మాత్రం అడిగింది. సంఘం కోసం అని చెప్పబోయాను. నోట మాట రాలేదు.

ఆ రాత్రి ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. 8 లక్షలు అప్పు, 10 శాతం వడ్డీ, 5 సంవత్సరాలు. నెలకు సుమారు 17,000 కట్టాలి. మొత్తం 10 లక్షల 20 వేలు. మన సంఘానికి నెలకు వచ్చే కానుకలు సగటున 22,000. అవి కూడా సమానంగా రావు. కోతలయ్యాక, సంక్రాంతి దాటాక కాస్త బాగుంటాయి. వానాకాలంలో కూలి పనులు లేనప్పుడు సంచిలో చిల్లరే ఉంటుంది. బ్యాంకు వాయిదా మాత్రం వానాకాలం అని ఆగదు. పైగా బండి విలువ తరుగుతూనే ఉంటుంది. ఇన్సూరెన్సు లెక్క ప్రకారం 6 నెలలు దాటి ఏడాది లోపు బండికి 15 శాతం, 4 ఏళ్లు దాటి 5 ఏళ్ల లోపు బండికి 50 శాతం తరుగు తీసేస్తారు. అంటే అప్పు తీరే నాటికి మన చేతిలో ఉండేది సగం విలువ బండి. ఈ ఐదేళ్లూ ఆ వాయిదాను మోసేది ఎవరు? నాట్లు వేసి, కలుపు తీసి, వచ్చిన కూలిలో దశమభాగం తీసి కవరులో పెట్టే మన అక్కలు, చెల్లెళ్లు. వాళ్ల చేత మోయించి, పైన పేరు నాది రాయించుకోబోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలను కూర్చోబెట్టి రసీదు బల్ల మీద పెట్టాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. షోరూము వారు అడగగానే డబ్బు తిరిగి ఇచ్చేశారు. పాప ఫీజు కట్టేశాం.

కానీ ఆ తమ్ముడు వేసిన ప్రశ్న మిగిలే ఉంది. దేవునికి పాతది ఇస్తామా? అతను మలాకీ మొదటి అధ్యాయం చూపించాడు. కుంటివాటిని, రోగం గల వాటిని బలిగా తెచ్చిన ప్రజలను దేవుడు గద్దించాడు గదా అన్నాడు. తేలికగా కొట్టిపారేసే మాట కాదది. ఆ వారమంతా బైబిల్లో బండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికాను.

సమూయేలు రెండవ గ్రంథం 6వ అధ్యాయంలో దావీదు దేవుని మందసాన్ని కొత్త బండి మీద ఎక్కించాడు. బండి కొత్తదే, పాటలు గొప్పవే, ఊరేగింపు ఘనమైనదే. నాకోను కళ్లము దగ్గర ఎద్దులకు కాలు తడబడింది, ఉజ్జా చెయ్యి చాపాడు, చనిపోయాడు. మందసాన్ని కొత్త బండి మీద పంపించడం అంతకుముందు ఫిలిష్తీయులు చేసిన పని. దేవుడు చెప్పింది లేవీయులు భుజాల మీద మోయమని. బండి కొత్తదైనంత మాత్రాన దేవునికి ఘనత రాలేదు. మోయవలసిన భుజాలు తప్పుకున్నాయి, ఆ జాగాలోకి కొత్త బండి వచ్చింది.

మరి బండ్లు తప్పా? కాదు. సంఖ్యాకాండము 7వ అధ్యాయం చూడండి. ఇశ్రాయేలు ప్రధానులు 6 గూడు బండ్లు, 12 ఎద్దులు తెచ్చి ఇచ్చారు. దేవుడు వాటిని తీసుకోమన్నాడు. అయితే పంచిన తీరు చూడండి. గుడారపు తెరలు మోసే గెర్షోనీయులకు 2 బండ్లు. పలకలు, స్తంభాలు, దిమ్మలు మోసే మెరారీయులకు 4 బండ్లు. పరిశుద్ధమైన వస్తువులను మోసే కహాతీయులకు ఒక్కటి కూడా లేదు. ఎవరి హోదాను బట్టీ ఇవ్వలేదు. ఎవరి మోత ఎంతో చూసి ఇచ్చారు. హోదానే చూస్తే మందసం మోసేవారికి అన్నిటికంటే మంచి బండి రావాలి గదా!

మలాకీ కాలంలో ప్రజల తప్పు కూడా నాకు అప్పుడు అర్థమైంది. మంచి పశువు మందలో ఉండగా దాన్ని దాచుకుని కుంటిదాన్ని తెచ్చారు. మనం దాచుకున్నది ఏమీ లేదు. ఉన్నదంతా తెచ్చి, దానికి తగినది కొంటే అది కుంటి బలి కాదు. కూలివాళ్ల నెత్తిన ఐదేళ్ల అప్పు పెట్టి తెచ్చేదే నా మట్టుకు నాకు కుంటి బలిలా కనిపించింది.

ఇదంతా ఆ తమ్ముడితో ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు 5 లక్షలు కాదు గాని 3 లక్షలు పంపాడు. కొంచెం నొచ్చుకున్నాడని నాకు తెలుసు. అతని కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. పోయిన 2 లక్షలు నాకు గుర్తు రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

ఇక పాత బండి వెదకడం మొదలుపెట్టాం. మన పెద్దల్లో ముప్పై ఏళ్లు లారీ నడిపిన బాబాయిగారు ఉన్నారు. ఆయన వెంట తిరిగి నేను సెమినరీలో నేర్చుకోని పాఠాలు నేర్చుకున్నాను. మీలో ఎవరైనా పాత బండి కొనేవాళ్లుంటే పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి బండి తళతళలాడుతోంది. ధర కూడా తక్కువ. బాబాయిగారు రంగు వైపు చూడనే లేదు. సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగారు. లోపలి భాగంలో ఒండ్రు మట్టి గీత. "2022 జులై వరదలో మునిగిన బండి అయ్యగారూ ఇది. పైన కడిగారు, బెల్టు లోపల కడగడం మర్చిపోయారు" అన్నారు. ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. మోటార్ హోముల గురించి తమ్ముడు చెప్పిందీ ఇలాంటిదే. పైకప్పు నుంచి నీరు కారి, గోడ లోపలి చెక్క కనబడకుండా కుళ్లిపోతుందట.

రెండవ బండి 8 ఏళ్ల డీజిల్ వ్యాను, ఒక పెద్ద కుటుంబం సొంతానికి వాడుకున్నది. మేము వచ్చేవరకు ఇంజను స్టార్ట్ చేయవద్దని బాబాయిగారు ముందే చెప్పారు. చల్లని ఇంజను ఎలా అందుకుంటుందో చూడాలట. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు మండుతున్నట్టు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూపించారు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పగులుతుంది. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిచూశారు. బ్యాంకు అప్పు ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 ఇమ్మని అడగాలన్నారు. పేరు మార్పుకు ఫారం 29, 30. ఇన్సూరెన్సు మన పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు అడగాలి.

అమ్మే పెద్దాయన తనంతట తానే, "బ్రేకులు బాగా అరిగిపోయాయండీ, ముందు అవి చూపించండి" అన్నాడు. ఆయన మన విశ్వాసి కాడు. సామెతలు 20:14లో కొనేవాడు వస్తువును తీసిపారేసి, పక్కకు వెళ్లి మురిసిపోతాడని చెప్పబడింది. నేను ఆ బ్రేకుల మాట పట్టుకుని ఇంకా 40,000 తగ్గించమని అడగబోయాను. బాబాయిగారు నా చెయ్యి నొక్కారు. నిజం చెప్పినందుకు ఆయనకు శిక్ష వేయకూడదని బయటకు వచ్చాక చెప్పారు. 5 లక్షల 80 వేలకు కొన్నాం.

లోపల మంచాలు బిగిద్దామనుకున్నాను. ఆర్‌సీలో ఉన్న తీరును మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలన్నారు. అందుకే తీసి పెట్టుకునే చెక్క పలకలు చేయించి, రాత్రి సీట్ల మీద పరుచుకుంటున్నాం. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, కాగితాల ఖర్చు పోగా 50,000 మిగిలితే మరమ్మతులకని విడిగా పెట్టాం. ఎనిమిది నెలల్లో అందులో 38,000 అయిపోయాయి. మారేడుమిల్లి ఘాటులో ఒకసారి రేడియేటర్ గొట్టం పగిలి మూడు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. పాత బండి చవక అని నేను చెప్పను. దాని మోత కూడా మోత. కానీ అది మనం మోయగలిగిన మోత.

మొదటి ప్రయాణంలో ఇంకొకటి జరిగింది. మేము వ్యానులో పలకలు పరుచుకుంటుంటే, ఎప్పుడూ మాకు మంచం ఇచ్చే అవ్వ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "మా ఇల్లు మీకు చాలలేదా అయ్యా?" అంది. భారం కాకూడదని బండి తెచ్చుకున్న నేను, ఆమె సంతోషంగా మోసే భారాన్ని కూడా లాగేసుకున్నానని అప్పుడు తెలిసింది. ఇప్పుడు బియ్యం, పప్పు మేము తీసుకెళ్తాం. వంట ఆమె పొయ్యి మీదే, భోజనం ఆమె అరుగు మీదే. నిద్ర మాత్రం వ్యానులో. కోడి బతికింది, అవ్వ మొహం కూడా విప్పారింది.

ప్రియులారా, బండి అయినా, ఇల్లు అయినా, పిల్లల పెండ్లి అయినా, కొత్తదా పాతదా, పెద్దదా చిన్నదా అని అడిగే ముందు రెండు ప్రశ్నలు ప్రభువు ముందు పెట్టండి. ఇది ఎవరి కోసం? దీని మోత ఎవరి భుజాల మీద పడుతుంది? ఆ రసీదు ఇంకా నా బైబిల్లో, సంఖ్యాకాండము 7వ అధ్యాయం దగ్గర ఉంది. తీసేయాలని అనిపించడం లేదు.

వచ్చే నెల ప్రయాణం కోసం, ఘాటు రోడ్డులో క్షేమం కోసం ప్రార్థించండి. టెక్సాస్ తమ్ముడు ఇంకా ఏ బండీ కొనలేదు, అతని నిర్ణయం కోసం కూడా ప్రార్థించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.