పోటుపాటుల వెంట: సువాలి నుంచి తీథల్ దాకా

సూరత్ నగరంలో ముప్పై నాలుగేళ్ళు కాపురముండి సముద్రాన్ని రెండే రెండుసార్లు చూచినవారు ఉంటారా అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. మా నాన్నగారు అటువంటివారే. సిరిసిల్ల ప్రాంతం నుంచి బతుకుతెరువుకై వచ్చి, లింబాయత్‌లో ఒక గది అద్దెకు తీసుకొని, మరమగ్గాల మీద పన్నెండేసి గంటల షిఫ్టులు చేసినారు. మా వైపు మరమగ్గాన్ని ‘సాంచె’ అంటారు. ఆ సాంచెల చప్పుడులోనే మేము పెరిగినాము. నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో అక్షరాలు దిద్దుకొన్నాము. డుమస్ తీరం మా ఇంటికి సుమారు ఇరవై కిలోమీటర్లే. అయినా నాన్నగారు చూచిన ఆ రెండుసార్లూ గణపతి నిమజ్జనానికి లారీ మీద నిలబడి వెళ్ళినవే. విగ్రహం నీళ్ళలో దిగగానే మర్నాటి షిఫ్టు గుర్తుకు వచ్చి తిరిగి వచ్చేసినారు.

గత సంవత్సరం ఆయన పని మానుకొని స్వగ్రామానికి వెళ్ళిపోవాలని నిశ్చయించుకొన్నారు. ఈ సముద్రాన్ని ఒకసారి తీరికగా చూపించి పంపుదామని మాకు తోచింది. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టినాము.

నాన్నగారికి హోటలు గది అంటే గిట్టదు, అమ్మకు బయటి తిండి పడదు. అందుచేత క్యాంపర్‌వ్యాన్ ఒకటి అద్దెకు తీసుకొన్నాము. పెద్ద ట్రావెలర్ వ్యానులో సీట్లు తీసివేసి, రెండంతస్తుల పడకలు, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చిన వాహనమది. హజీరా కర్మాగారంలో పనిచేసేవారికి ఉండే అలవాటు చొప్పున, బయలుదేరే ముందు గ్యాసు గొట్టానికి సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తున్నవేమోనని చూచినాము. డ్రైవరు వింతగా చూచినాడు. భద్రతా విభాగం వారు మెచ్చుకొంటారని ఇక్కడ పేర్కొంటున్నాము.

మొదటి మజిలీ తాపీ నదికి ఉత్తరాన, హజీరా దాపునే ఉన్న సువాలి. మనలో చాలామంది ఆదివారం సాయంత్రాలు ఇక్కడికి వెళ్ళి మొక్కజొన్న కండెలు తిని వస్తారు. చరిత్రలో దీని స్థానం మాత్రం గొప్పది. తాపీ ముఖద్వారం ఇసుకమేటలతో నిండి ఉండటం వలన పెద్ద ఓడలు నగరం దాకా పోలేక సువాలి దగ్గరే లంగరు వేసేవి. 1612 నవంబరులో కెప్టెన్ థామస్ బెస్ట్ నాయకత్వంలోని రెండు ఆంగ్ల నౌకలు పోర్చుగీసు దళాన్ని ఇక్కడే ఎదిరించి నిలిచినవి. ఆ మరుసటి ఏడు సూరత్‌లో వారి వర్తకస్థానం స్థిరపడింది. మచిలీపట్నంలో అంతకు ముందే, 1611లోనే, ‘గ్లోబ్’ నౌక మీద వచ్చిన ఆంగ్లేయులు వ్యాపారం మొదలుపెట్టినారు. రెండు రేవులకూ వారిని రప్పించిన సరుకు ఒకటే: మగ్గం మీది బట్ట. ఈ సంగతి చెప్పగా నాన్నగారు కొంతసేపు ఊరకుండి, “అప్పుడు గూడ నేసినోని పేరు ఎవ్వడు రాసి ఉండడు” అన్నారు.

సాయంత్రానికి నది దాటి, గవియర్ చెరువు మీదుగా డుమస్ చేరినాము. గవియర్ నగర విమానాశ్రయ మార్గంలోనే ఉంటుంది. శీతకాలంలో బాతులు, కొంగలు, ఉల్లంకి పిట్టలు అక్కడ దిగుతాయి. ప్రకృతి ప్రేమికుల శ్రద్ధ వలన నిలిచిన చెరువు అది. ఒక గంట నిశ్శబ్దంగా కూర్చోగలిగినవారికి చాలు. డుమస్ అందుకు పూర్తిగా భిన్నం. జనం, ఒంటెలు, టమాటా భజియాల నూనె వాసన! దెయ్యాలు తిరుగుతాయని ప్రచారంలో ఉన్న తీరం ఇదే. అంత జనంలో దెయ్యానికి మాత్రం చోటెక్కడిదో మాకు తెలియలేదు.

ఇసుక నల్లగా ఉండటం చూచి మా అబ్బాయి బురద అనుకొన్నాడు. తాపీ, పూర్ణ మొదలైన నదులు దక్కను పీఠభూమి నల్లరాతి నేలల గుండా ప్రవహించి, ఇనుము కలిసిన ఖనిజ రేణువులను తెచ్చి ఇక్కడ పరుస్తాయి. వ్యానులో బీరువా తలుపుకు అమర్చిన అయస్కాంతాన్ని ఊడదీసి ఇసుకలో తిప్పితే, నల్లని రేణువులు మీసాల వలె నిలుచుకొన్నవి. పిల్లవాడు ఆ సాయంత్రమంతా మరి దేనినీ ముట్టలేదు.

చీకటి పడిన తరువాత నది ఆవలి ఒడ్డున హజీరా దీపాలు వెలిగినవి. ఒకచోట పొగగొట్టం పైన మంట ఆకాశంలో ఊగుతూ కనిపించింది. “నువ్వు పని చేసేది ఆడనేనా?” అని నాన్నగారు అడిగినారు. పంతొమ్మిదేళ్ళుగా మేము అక్కడ ఉద్యోగం చేస్తున్నాము. ఆయన దానిని చూడటం అదే మొదటిసారి. ఆ మంట ఎందుకు వెలిగిస్తారో వివరించినాము. ఆయన శ్రద్ధగా విని, “బందు చెయ్యరా ఎప్పుడూ?” అన్నారు. చెయ్యమన్నాము. “సాంచెల లెక్కనే” అన్నారు.

ఈ తీరంలో నడవదలచినవారు ముందుగా తెలుసుకోవలసినది పోటుపాటుల సంగతి. మన విశాఖపట్నంలో సముద్రం ఒకటి రెండు మీటర్ల మేరకే ఎక్కి దిగుతుంది. ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉండటం వలన ఇక్కడ పున్నమి, అమావాస్యల సమయంలో అది ఐదారు మీటర్లకు చేరుతుంది. పైన భావనగర్ వైపు ఇంకా ఎక్కువ. తీరం పళ్ళెంలా చదునైనది కాబట్టి పాటు వచ్చినప్పుడు నీరు కంటికి ఆననంత దూరం వెనుకకు పోతుంది. రోజుకు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు పోతుంది, ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. ఈ పట్టికను వ్యాను గోడకు అంటించినాము. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకొని చదివి, “షిప్టుల కాయితం తీరుగనే ఉన్నది. అయితే దీనికి ఆదివారం లేదు” అన్నారు.

మరునాడు ఉభరాట్ చేరినాము. సరుగుడు తోపు, దాని ముందు ఇసుక, ఆపైన మెరిసే బురదనేల. నీరు బాగా వెనుకకు పోయి ఉంది. ఆ బురదలో బొరియలు చేసుకొని జీవించే ఒక చేప ఉంటుంది. గుజరాతీలు ‘లెవ్టా’ అంటారు. కళ్ళు నెత్తి మీద ఉంటాయి. రెక్కలను మోచేతుల వలె ఆనించి నేల మీద పాకుతుంది, ఎగురుతుంది. దానిని చూపించమని పిల్లవాడు తాతను లాక్కొనిపోయినాడు. మేము వ్యాను దగ్గర టీ కాచుకొంటూ ఉన్నాము. పట్టికలో నీరు తిరిగే వేళ మాకు తెలుసు, అది దాటి గంట కావస్తున్నదని కూడా తెలుసు. నీరు ఇంకా ఎక్కడో గీత వలె కనిపిస్తున్నది గదా అని ఊరకున్నాము.

ఇటువంటి తీరంలో సముద్రం ఎదురుగా రాదు. ముందుగా పల్లపు కాలువల గుండా పాకి, నడిచేవారి వెనుకకు చేరుతుంది. మేము తల ఎత్తేసరికి ముసలాయనకూ పిల్లవానికీ ఒడ్డుకూ నడుమ ఒక పాయ నిండుతున్నది. పరుగెత్తినాము. నాలుగడుగులు వేయగానే మోకాలి దాకా బురదలో దిగబడినాము. ఆ క్షణాలను వర్ణించే శక్తి మాకు లేదు.

దూరంగా బుట్టతో చేపలు పడుతున్న ఒక స్త్రీ గట్టిగా కేకవేసి, మమ్ములను రావద్దని చేయి ఊపింది. తాను అడ్డంగా నడిచి వారిద్దరినీ చేరి, తిన్నగా ఒడ్డు వైపు కాక, దక్షిణంగా చాలా దూరం నడిపించింది. అక్కడ పాయ అడుగున గట్టి ఇసుక ఉన్నదట. నడుములోతు నీళ్ళలో నాన్నగారు మనుమని భుజాల మీద ఎక్కించుకొని దాటినారు. ఒడ్డుకు చేరినాక మా శ్రీమతి ఆమె చేతులు పట్టుకొన్నది, మాట రాలేదు. డబ్బు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు; టీ మాత్రం తాగింది. వెళ్ళబోతూ మాకు గుజరాతీలో చెప్పిన మాట ఇది: “నీళ్ళు కనబడటం లేదని కూర్చోకండి, కాళ్ళ కింద ఇసుక మెత్తబడితే లేవండి.” పట్టికలో ఈ సంగతి రాసి లేదు.

నాన్నగారు మమ్ములను ఏమీ అనలేదు. తడిసిన ధోవతి సరుగుడు కొమ్మ మీద ఆరవేసి, “ఎనుకనుంచి వచ్చింది” అని మాత్రం రెండుసార్లు అనుకొన్నారు.

ఆ మధ్యాహ్నమే దండి వెళ్ళినాము. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన గాంధీజీ ఏప్రిల్ 5న ఇక్కడికి చేరి, ఆ రాత్రి సైఫీ విల్లాలో ఉండి, 6వ తేదీ ఉదయం ఉప్పు చేతిలోకి తీసుకొన్నారు. 2019 జనవరి 30న ప్రారంభమైన స్మారకంలో పాదయాత్రికుల నిలువెత్తు విగ్రహాలు బారులు తీరి ఉన్నవి. ఆ యాత్రలో ఆంధ్రదేశం నుంచి సుబ్రహ్మణ్యం గారు కూడా నడిచినారు. అందరి భుజాల మీదా ఖద్దరు మడతలను శిల్పులు చక్కగా తీర్చినారు. నాన్నగారు దగ్గరికి వెళ్ళి, నేతగాని చూపుతో ఆ మడతలను పరీక్షించి, “బరువు బట్ట, సరిగ్గనే చేసిన్రు” అని తీర్పు చెప్పినారు. అంతటా ‘బాపు’ అని రాసి ఉండటం చూచి పిల్లవాడు నవ్వు ఆపుకోలేకపోయినాడు. మా ఇంట్లో నాన్నగారిని మేము పిలిచే పిలుపు అదే.

దండికి చేరువనే కరాడి. గాంధీజీ తాటాకు గుడిసెలో ఉండగా మే 5 తొలి గడియలలో పోలీసులు బంధించి తీసుకుపోయినది ఇక్కడినుంచే. దక్షిణంగా మరికొంత దూరంలో ధారాసణా. 1930 మే 21న అక్కడి ఉప్పు కొఠారు వైపు వరుసలుగా నడిచిన సత్యాగ్రహుల తలల మీద లాఠీలు పడినవి. ఒక్కరూ చేయి ఎత్తలేదు. వెబ్ మిల్లర్ అనే అమెరికా విలేఖరి రాసిన కథనం ద్వారా లోకమంతా ఆ సంగతి తెలుసుకొన్నది. ఆ దళానికి నాయకత్వం వహించినవారు హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు గారు. కవయిత్రిగా ఆమెను ఎరిగిన మనం, మే నెల ఎండలో ఈ ఉప్పునేల మీద నిలబడిన ఆమెను కూడా ఎరిగి ఉండవలసింది.

తీథల్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వల్సాడ్ నుంచి ఐదు కిలోమీటర్లు, నల్లని ఇసుక, తీరం వెంట గుడులు, నడకకు అనువైన ఒడ్డు. దారిలో కొన్న పోంక్ అక్కడ కూర్చొని తిన్నాము. లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలవి. సూరత్‌లో శీతకాలపు ప్రత్యేకత. అమ్మ నోట్లో వేసుకోగానే “ఇవి మన ఊసబియ్యం గాదా!” అన్నది. ఇన్నేళ్ళూ బజారులో చూస్తూ కూడా, ఖరీదు విని కొనలేదట.

చివరి ఉదయం నాన్నగారు మాకంటే ముందు లేచి, పట్టిక చూచుకొని, ఒంటరిగా నడకకు వెళ్ళినారు. మేము కంగారుపడి వెతకగా, నీరు తిరగటానికి ఇంకా అరగంట ఉందనగానే వెనుకకు వస్తూ ఎదురైనారు. అడుగడుగునా మడమతో ఇసుకను నొక్కి చూస్తున్నారు.

సంక్రాంతి తరువాత ఆయనా అమ్మా ఊరికి వెళ్ళిపోయినారు. పట్టిక కాగితం ఆయన సంచిలోనే పోయింది. అది ఒక్క నెలకు సంబంధించినది కాబట్టి ఇప్పుడు పనికిరాదు. ఫోను చేసినప్పుడు ఒక్కొక్కసారి అడుగుతుంటారు, ఇయ్యాల నీళ్ళు ఎన్నిటికి వస్తయిరా అని. కొత్త పట్టిక తీసి చూచి చెబుతున్నాము.