కొళత్తూరు చేపల యంగళ్లు

చెన్నపట్టణమునకు ఉత్తర భాగమున కొళత్తూరను పేట కలదు. అలంకారపు చేపల వ్యాపారమునకు అది పేరు పొందినది. మొన్నటి వేసవిలో మా చిన్నదానిని వెంటబెట్టుకొని యచ్చటికి పోయితిని. అంతకుముందు గుండ్రని గాజుగిన్నెలో నేనుంచిన గోల్డుఫిష్ వారము తిరుగకముందే చచ్చెను. పిల్ల రెండు దినములు సరిగా అన్నము తినలేదు.

ఒక యంగడిలో ఫైటరు చేపలు విడివిడిగా సీసాలలో నుండెను. రెండు మగచేపలను కలిపినచో పోరాడి చచ్చునట. మా గిన్నె సంగతి చెప్పగా అంగడి యామె, "జానెడు పెరుగు చేపను చెంబులో నుంచితిరా, అమ్మా?" అనెను. నాకు సిగ్గు కలిగెను.

ఏంజెలు చేప పెరిగి చిన్న నియాను టెట్రాలను మ్రింగును. టైగరు బార్బు ఇతర చేపల పొడుగు రెక్కలను కొఱుకును. గప్పీలు, ప్లాటీలు పొందికగా నుండును. సోదరీమణులారా, అంగడిలోని పిల్లచేపను గాక, అది పెరిగిన పిమ్మటి పరిమాణమును తలచి తొట్టి కొనవలెను.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టిని తెచ్చితిమి. అందు సుమారు 56 లీటర్ల నీరు పట్టును. కావున బల్ల గట్టిదై యుండవలెను. చేపల మలినమును హరించు సూక్ష్మజీవులు వృద్ధియగుటకు కొన్ని వారములు పట్టును. నెల దినములు పిల్ల వట్టి నీటినే చూచుచు కూర్చుండెను. పిమ్మట ఆరు మగ గప్పీలను తెచ్చితిమి. నేటికిని ఆరును కలవు.