జామీను సంతకం

చంద్రపూర్ గనుల్లో పనిచేసిన మన తెలుగు కుటుంబాల్లో జామీను అన్న మాట తెలియనివారుండరు. మరాఠీలోనూ అదే మాట, మన ఇళ్ళలోనూ అదే మాట. పతసంస్థలో అప్పు కావాలంటే తోటి ఉద్యోగులు ఇద్దరు సంతకం పెట్టాలి. తీసుకున్నవాడు వాయిదాలు కడుతున్నంతకాలం సంతకం పెట్టినవాడి జేబులోంచి పైసా కదలదు. వాడు కట్టడం మానేసిన నెల నుంచి జామీనుదారుడి జీతంలో కోత మొదలవుతుంది. ఒక గని ఆఫీసులో జీతాల పద్దులు రాసినవాణ్ణి కనుక ఆ కోతలు చాలా నా కలంతోనే రాశాను. స్నేహితుడి కోసం సంతకం పెట్టి, పిల్ల పెళ్ళి వాయిదా వేసుకున్నవాళ్ళను చూశాను.

రిటైరయ్యాక నేను షేర్ బజారులో చేస్తున్నది కూడా జామీను సంతకాలే. దాన్ని పుట్ ఆప్షన్ అమ్మడం అంటారు. పేరు కొత్తగా ఉన్నా సంగతి రాజురా, కోర్పనా పత్తి రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది. బజారులో ధర పడిపోతే మద్దతు ధరకు ప్రభుత్వం కొనాలి. ధర బాగుంటే రైతు ఎవరికైనా అమ్ముకోవచ్చు. అమ్మే హక్కు రైతుది, కొనే బాధ్యత ప్రభుత్వానిది. పుట్ కూడా ఇంతే. షేరు పడిపోతుందేమోనని భయపడేవాడు ఆ హక్కు కొనుక్కుంటాడు. పడితే ఫలానా ధరకు నేను తీసుకుంటానని మాట ఇచ్చేవాడు పుట్ అమ్మినవాడు. ప్రభుత్వం రైతు దగ్గర ఫీజు తీసుకోదు, నేను తీసుకుంటాను. తేడా అదొక్కటే. ఆ ఫీజుకు ప్రీమియం అని పేరు.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. బొంబాయి వ్యాపారులు తేజీ, మందీ అని ఎప్పటినుంచో ఆడేవారు. తేజీ అంటే కొనే హక్కు, మందీ అంటే అమ్మే హక్కు. 1956 నాటి చట్టం షేర్లలో ఈ బేరాలను నిషేధించింది. 1995లో ఆ నిషేధం తొలగింది. 2001 జూన్‌లో నిఫ్టీ సూచీ మీద, జూలైలో విడి కంపెనీల షేర్ల మీద ఆప్షన్లు మొదలయ్యాయి. 2019 అక్టోబరు నుంచి కంపెనీ షేర్ల ఆప్షన్లన్నిటిలో గడువు రోజున తేడా డబ్బు ఇచ్చి చేతులు దులుపుకోవడం పోయింది. మాట ఇచ్చినవాడు నిజంగా సొమ్ము కట్టి షేర్లు తీసుకోవలసిందే.

లెక్క చెబుతాను. ఒక షేరు 400 రూపాయలు ఉందనుకుందాం. ఒక లాటుకు వెయ్యి షేర్లు. 380 దగ్గర తీసుకుంటానని ఒక పుట్ అమ్మితే షేరుకు 5 రూపాయల చొప్పున 5,000 వచ్చిందనుకుందాం. నెలాఖరుకు షేరు 380 పైన ఉంటే ఆ 5,000 నాదే. 330కి పడిందంటే షేరుకు 50 చొప్పున 50,000 నష్టం. వచ్చిన ఫీజు పోను 45,000. అంటే తొమ్మిది నెలల ఫీజు ఒక్క నెలలో పోయింది. అసలు చిక్కు ఇంకొకటుంది. నేను ఇచ్చిన మాట విలువ 3,80,000. బ్రోకరు మాత్రం మార్జిన్ కింద అందులో కొంత భాగమే పట్టి ఉంచుతాడు. మిగతా డబ్బు ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని చూసి రెండోది, మూడోది అమ్మాలనిపిస్తుంది. నాలుగు అమ్మినవాడు 15 లక్షలకు పైగా జామీను ఉన్నాడన్నమాట. నెలకు 20,000 వస్తోందని మాత్రం ఇంట్లో చెబుతాడు.

అందుకే నా పద్దు పుస్తకంలో మొదటి గడి బాధ్యతది, రెండో గడి ఫీజుది. మొదటి గడిలోని మొత్తం బ్యాంకులో లేకపోతే సంతకం లేదు. సొంతంగా పెట్టుకోవడానికి ఇష్టంలేని షేరు మీద కూడా సంతకం లేదు.

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. నిఫ్టీ ఒక్కరోజులో 1,379 పాయింట్లు, సుమారు ఆరు శాతం పడింది. అప్పటికి నాది ఒకే ఒక్క పుట్ ఉంది, ఒక ప్రభుత్వ కంపెనీ షేరు మీద. సాయంత్రానికి షేరు నా ధర కిందికి దిగింది. ఇంటిది లెక్క పుస్తకం చూసి, "ఈసారి ఎవలకు జామీను ఉన్నరు?" అని అడిగింది. తెలియనివాళ్ళకన్నాను. "తెలిసినోళ్ళయితే కనీసం ఇంటికి పోయి అడగొచ్చు" అంది.

అటువంటప్పుడు మూడు దారులుంటాయి. నష్టానికి తిరిగి కొని వదిలించుకోవడం ఒకటి. దీన్ని మూసి వచ్చే నెలది అమ్మడం రెండోది. దీన్ని రోల్ చేయడం అంటారు కానీ మన భాషలో నోటు తిరగరాయడమే. వడ్డీ కట్టలేనివాడు నోటు తిరగరాస్తే అప్పు తీరదు, తేదీ మారుతుంది. మూడోది మాట ప్రకారం షేర్లు తీసుకోవడం. సూచీ కొద్దిరోజుల్లోనే కోలుకుంది. నా షేరు కోలుకోలేదు. జూన్ 27, ఆఖరి గురువారం, బ్యాంకులో ఉన్నది కట్టి షేర్లు తీసుకున్నాను. ఆ యేడు వేయవలసిన స్లాబు ఆగిపోయింది. వానాకాలమంతా పాత రేకుల చప్పుడు విన్నాం. ఇంటిది నన్ను ఒక్కమాట అనలేదు. రేకుల కింద గిన్నె పెట్టినప్పుడల్లా నా వైపు మాత్రం చూసేది.

ఆ సెప్టెంబరులో సెబీ ఒక లెక్క బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన సామాన్యుల్లో నూటికి 93 మందికి నష్టమే. పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. అక్టోబరులో నియమాలు బిగించి, సూచీ బేరం ఒక్కోటి కనీసం 15 లక్షల విలువ ఉండాలన్నారు.

ఈ అంకెలన్నీ మా వీధిలో థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనికి పోయే ఒక కుర్రాడికి చెప్పాను. "కాకా, నెలనెలా ఫీజొస్తదట గదా, నాక్కూడ నేర్పుండ్రి" అని వచ్చాడు. భిశీ ఎత్తిన అరవై వేలున్నాయి అతని దగ్గర. కాగితం మీద రెండు గడులు గీసి, మొదటి గడి ముందు నింపమన్నాను. 3,80,000 అని రాసి చాలాసేపు చూశాడు.

"అంటే ఇది ఉన్నోళ్ళ పనే గదా కాకా?"

అవునన్నాను. ఇంకొక మాట చెప్పి అతన్ని మెప్పించవచ్చు, కానీ అబద్ధమవుతుంది. పతసంస్థలో కూడా జీతంలేనివాడి జామీను చెల్లదు. అది అతన్ని చిన్నచూపు చూడడం కాదు, అతన్ని కాపాడడం. బజారుకు ఆ పట్టింపు లేదు. అరవై వేలు చూపిస్తే చాలు, ఏదో ఒక సంతకం పెట్టించుకుంటుంది.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. భిశీ డబ్బుతో చెల్లెలిని నర్సింగులో చేర్చాడని తర్వాత తెలిసింది. ఫీజు కట్టడానికి ఇంకా కొంత తగ్గితే పతసంస్థలో అప్పు పెట్టాడు. దానికి ఒక జామీను నేనున్నాను. ఆ మొత్తం నా పుస్తకంలో మొదటి గడిలో రాసుకున్నాను. రెండో గడి ఖాళీగా ఉంది.