తొట్టిలోని దోమలు

పోయిన వర్షకాలమున ఎనిమిదవ తరగతి బాలిక తండ్రి ఒకాయన నా యొద్దకు వచ్చెను. చేతిలో దరఖాస్తు కలదు. "అయ్యవారూ, పాపకు టీసీ ఇప్పించండి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, అది చాలు. సైన్సు కూడా తెలుగులోనే చదివితే రేపు కాలేజీలో దానికి ఒక్క మాటైనా అర్థమవుతుందా?" అనెను. ఆయన భయము నిరాధారమని నేననలేను. కాలేజీలో తొలి యేడు మాటలు తెలియక వెనుకబడిన మన పిల్లలను నేనెరుగుదును. "హెడ్మాస్టరుగారితో మాట్లాడతాను, ఒక వారం ఆగండి" అని దరఖాస్తు పుచ్చుకొంటిని.

ఆ వారమంతయు నా మనస్సులో రొనాల్డ్ రాస్ మెదలుచుండెను. నేను పండిత శిక్షణ పొందినది హైదరాబాదులో. ఒక ఆదివారము మిత్రులతో కూడి బేగంపేట విమానాశ్రయము చెంతనున్న పాత బంగళాను చూడబోతిని. మలేరియా దోమ గుట్టు బయటపడినది అచ్చటనే. కాని ఆ కథకు మొదలు మన బెంగుళూరే యని ఇచ్చట ఉద్యోగమునకు వచ్చిన పిదపగాని నాకు తెలియలేదు.

1883లో రాస్ ఇచ్చటి దండులో తాత్కాలిక వైద్యుడుగా నుండెను. పాతికేండ్ల ప్రాయము. తన గదిలో దోమలు మితిమీరి యుండగా విసిగి వెదకెను. కిటికీ వెలుపలి నీటితొట్టిలో దోమపిల్లలు మెలికలు తిరుగుచు కనబడెను. తొట్టిని బోర్లించెను, దోమలు తగ్గెను. తక్కిన చోట్లను నిలువనీరు తీసివేయుదమని అధికారితో చెప్పగా ఆయన ఒప్పుకొనలేదు. నాడు దోమ ఒట్టి చీకాకు మాత్రమే. మలేరియా యన్న మాటకు చెడుగాలి యని అర్థము. జ్వరము చిత్తడినేలల గాలివలన వచ్చునని పెక్కుమంది నమ్ముచుండిరి. దోమకును జ్వరమునకును ముడి యున్నదని తొట్టిని బోర్లించిన చేతికే తెలియదు.

ఆ ముడి విప్పుటకు పదునాలుగేండ్లు పట్టెను. 1894లో లండనులో ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు రాస్‌కు రోగి రక్తములోని క్రిమిని చూపి, దోమలను శోధింపుమనెను. 1895లో రాస్ సికిందరాబాదు చేరెను. పని సాగుచుండగానే, కలరాను అరికట్టుటకై అతనిని మరల బెంగుళూరు పంపిరి.

ఇక నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి. రాస్ కీటకశాస్త్రజ్ఞుడు కాడు. దోమల శాస్త్రీయ నామములు అతనికి తెలియవు. కనుక కంటికి కనబడినదే పేరుగా పెట్టుకొనెను: బూడిదరంగువి, చారలవి, రెక్కలపై మచ్చలవి. బూడిదరంగు దోమలను, చారల దోమలను ఎన్నిటినో కోసి చూచి విసిగిపోయెను. 1897 ఆగస్టులో మచ్చరెక్కల దోమలు చిక్కెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని వానిచే కుట్టించుకొనెను. గాలికి దోమలు చెదరునని పంకా వేయకుండ, చెమటలు కారుచుండ, పాత సూక్ష్మదర్శినిలో రాస్ చూచెను. ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో, మలేరియా క్రిమికి గల నల్లని రేణువులే గల కణములు కనబడెను. ఆ దోమను గ్రంథములలో అనాఫిలిస్ అందురు. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై శోధించి దోమకాటుతో వ్యాధి వ్యాపించు తీరును నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను.

బెంగుళూరులో ఆ పని ఆగిపోలేదు. మన భారతీయ విజ్ఞాన సంస్థలో జి. పద్మనాభన్‌గారు, ఆయన సహశోధకులు మలేరియా క్రిమిపై ఏండ్ల తరబడి శ్రమించిరి. ఎఱ్ఱకణములో కాపురముండియు, రక్తమునకు ఎఱుపునిచ్చు హీమ్ అను పదార్థమును ఆ క్రిమి తానే తయారుచేసికొనునని చూపిరి. మన వంటింటి పసుపులోని కర్క్యుమిన్‌ను మందుతో కలిపి ఎలుకలకిచ్చి, వాని దేహములోని రోగనిరోధక శక్తి మేలుకొనుటను గమనించిరి.

ఈ కథను తరగతిలో చెప్పితిని. మరునాడు ఆ బాలిక, బడి వెనుకనున్న నీళ్ల డ్రమ్మును చూచి వచ్చి, నోటుపుస్తకములో ఇట్లు వ్రాసినది: "పురుగు తోక నీటి పైన, తల కిందికి. డ్రమ్మును తడితే అడుక్కి పోతుంది. మళ్లీ గాలికి పైకి వస్తుంది." సైన్సు అయ్యవారు చదివి, అనాఫిలిస్ పిల్లలు నీటిపై చాపవలె పరుండుననియు, ఇవి వ్రేలాడుచున్నవి కనుక వేరుజాతివనియు చెప్పిరి. డెంగీ దోమవి కావచ్చు. పేరు తెలియకనే పిల్ల తేడా పట్టినది.

వారము గడచి తండ్రి రాగా ఆ పుట చూపితిని. రెండుమారులు చదివెను. "బాగానే చూసింది. కాని కాలేజీ సంగతి, అయ్యవారూ?" అనెను. నా యొద్ద జవాబు పూర్తిగా లేదు. రాస్ కూడ పిదప ఆ పేర్లన్నియు నేర్వవలసివచ్చెను గదా. సైన్సు అయ్యవారును నేనును కలిసి ప్రతి పాఠమునకు తెలుగుమాట ప్రక్కన ఇంగ్లీషుమాట వ్రాయించుచున్నాము.

దరఖాస్తు ఇంకను నా సొరుగులోనే యున్నది. ఆయన మరల అడుగలేదు, తీసికొనియు పోలేదు. డ్రమ్మును మాత్రము పిల్లలు నాడే బోర్లించిరి.