పదమూడోవాడు

కబడ్డీ జట్టంటే కోర్టులో 7, బయట 5, మొత్తం 12 మంది. పొన్నూరులో కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా చేరిన మొదటి ఏడాది ఈ లెక్క నాకు తెలుసు గానీ దాని బరువు తెలియదు. సీజన్ మొదట్లో గ్రౌండ్‌కి ముప్ఫై మంది దాకా వస్తారు. నాగార్జున యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీలకు బస్సెక్కేది పన్నెండు మందే.

ఆ ఏడాది పాయింట్లు తెచ్చేవాళ్లనే ఏరుకున్నాను. ఏడుగురు రైడర్లు, ఎడమ కార్నర్‌కి ఒక్కడు. రెండో మ్యాచ్‌లో ఆ ఒక్కడి చీలమండ బెణికింది. బయట కూర్చున్నవాళ్లంతా కూతకెళ్లేవాళ్లే, ఆ మూల నిలబడి పట్టు పట్టగలిగేవాడు లేడు. ఎదుటి రైడర్ వచ్చిన ప్రతిసారీ అటే వెళ్లాడు. రెండుసార్లు జట్టంతా అవుటై, లోనాలు ఇచ్చుకుని ఇంటికొచ్చాం.

నాకు ఆట నేర్పిన మాస్టారు అంతా విని తిట్టలేదు. "లిస్టు రాశాక ఒక్కో పేరు మీద వేలు పెట్టు. వీడికి దెబ్బ తగిలితే ఎవడు దిగుతాడో చెప్పుకో. చెప్పలేకపోతే కాగితం చించెయ్యరా" అన్నారు. ఇప్పటికీ అదే చేస్తాను.

2014లో ప్రో కబడ్డీ వచ్చాక పని ఇంకా కష్టమైంది. తెలుగు టైటాన్స్‌లో రాహుల్ చౌదరి ఆట చూసి ప్రతి కుర్రాడూ రైడరే అవుతానన్నాడు. అలా వచ్చినవాళ్లలో ఒక బక్కపల్చటి పిల్లవాడు, నిడుబ్రోలు వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. కూతకి వెళ్తే మూడో అడుగులో దొరికిపోయేవాడు. కానీ పక్కన కూర్చున్నప్పుడు వాడి చూపు ఎప్పుడూ ఆడేవాళ్ల పాదాల మీదే. అది చూసి వాణ్ని ఎడమ కార్నర్‌లో నిలబెట్టాను.

కార్నర్‌కి నేర్పాల్సింది రైడర్ మొహం చూడకుండా ఉండటం. భుజాలు, చేతులు అన్నీ అబద్ధం చెబుతాయి. రైడర్‌కి బోనస్ పాయింటు కావాలంటే ముందు కాలు బోనస్ గీత దాటాలి, అదే క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. అంటే ఒంటి బరువంతా ముందు పాదం మీదే. ఆ అరక్షణమే చీలమండ పట్టుకి అదను. ముందుగా దూకితే టచ్ ఇచ్చినట్టే, ఆలస్యమైతే బోనస్ పోయినట్టే. పట్టాక చేతులతో లాగకూడదు, ఛాతీ కిందికి లాక్కుని బరువు వెయ్యాలి. రోజుకి యాభైసార్లు చేయించాను. ఆ ఏడాది వాడు పన్నెండులో లేడు. రెండో ఏడు పన్నెండోవాడు. మూడో ఏడు మొదటి ఏడుగురిలో దిగి, మొదటి మ్యాచ్‌లోనే నాలుగు చీలమండలు పట్టాడు. ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను.

బరువు సంగతి కూడా మరవొద్దు. మగవాళ్లకి 85 కిలోల పరిమితి. ఒకసారి మా కవర్ ఆటగాడు తూకంలో ముప్పావు కిలో ఎక్కువ తూగాడు. పొద్దున్నే పరిగెత్తించి దించాను, మ్యాచ్‌లో వాడికి నిలబడే ఓపిక లేకపోయింది. ఇప్పుడు పది రోజుల ముందే ధాన్యం కాటా మీద అందర్నీ తూచేస్తాను.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది మాత్రం ఓడిన మ్యాచ్‌లు కాదు. ఒక ఏడు లిస్టు నోటీసు బోర్డుకి అంటించి నా గదిలోకి వెళ్లిపోయాను. పదమూడోవాడు దాన్ని చదువుకుని వెళ్లాడు, మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. రైడర్‌ని కోర్టు బయటికి తోసే మంచి డ్యాష్ ఉన్న కుర్రాడు, ఇంకా రెండేళ్ల చదువు మిగిలి ఉంది. గదిలోకి పిలిచి "నీ కుడి కాలు వెనక్కి రావడం ఆలస్యమవుతోంది, అది సరిచేద్దాం రా" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేవాడు.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను అడిగేది ఇదే. లిస్టులో లేనివాళ్లతో ముందు మాట్లాడండి, ఏం దిద్దుకోవాలో చెప్పండి, మర్నాడు సాయంత్రం ప్రాక్టీసుకి రమ్మనండి. ఆ తర్వాతే కాగితం అంటించండి.